ఎంసెట్ ర్యాంకు వచ్చాక ఏ దారి? మెరిట్, రిజర్వేషన్, మేనేజ్‌మెంట్ సీట్ల మధ్య ఎలా తేల్చుకోవాలి

ఎంసెట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ బాబు ర్యాంకుకి కన్వీనర్‌లో సీఎస్ఈ, అదే కంప్యూటర్ సైన్స్, రాదండీ. మా కాలేజీలో మేనేజ్‌మెంట్ సీట్లు నాలుగే మిగిలాయి. ఇవాళ యాభై వేలు కట్టి బ్లాక్ చేసుకోండి, రేపటికి నేను గ్యారంటీ ఇవ్వలేను." అదే రోజు సాయంత్రం ఇంటికొచ్చిన చుట్టం ఇంకో మాట పడేసి వెళ్తాడు: "బీసీ అని పెట్టారా? అలా పెడితే ఓపెన్ సీటు పోతుందంట కదా." ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఈ రెండు మాటలూ నమ్మదగ్గవి కావు. రిజర్వేషన్ చూపించినంత మాత్రాన మెరిట్ పోటీలోంచి ఎవరూ మిమ్మల్ని తీసెయ్యరు. మేనేజ్‌మెంట్ సీటుకీ రిజర్వేషన్‌కీ అసలు సంబంధమే లేదు, అది డబ్బుతో ముడిపడ్డ వ్యవహారం. రెండిటినీ "కోటా" అనే ఒకే గాటన కట్టేసి, అడగాల్సిన హక్కు దగ్గర మొహమాటపడి, ఆచితూచి అడుగెయ్యాల్సిన చోట లక్షలు పోసేవాళ్లను ఏటా చూస్తున్నాను. అందుకే ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. ఎక్కువ భాగం రెండు తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ ప్రవేశాల గురించే. మెడికల్ సంగతి చివర్లో ఉంటుంది.

1. ఏయే సీట్లకు మీరు అర్హులో ముందు కాగితం మీద రాసుకోండి

ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేవి. మిగతా 30 శాతం కాలేజీ యాజమాన్యం నింపే మేనేజ్‌మెంట్ కోటా. దీన్నే కేటగిరీ-బి అంటారు, ఎన్ఆర్ఐ సీట్లు ఇందులోవే. ప్రభుత్వ, యూనివర్సిటీ కాలేజీల్లో ర్యాంకు ద్వారా నిండే రెగ్యులర్ సీట్లన్నీ కన్వీనర్ చేతుల్లోనే ఉంటాయి. మీ అసలు పోటీ ఈ కన్వీనర్ సీట్ల కోసమే.

ఈ సీట్లకు ఈఏపీసెట్ ర్యాంకే ఆధారం. మనం నోటి అలవాటుగా ఎంసెట్ అంటున్నాం గానీ ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్. ర్యాంకు లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. ఏపీలో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణ దాన్ని 2023లో తీసేసింది. ఏపీ పిల్లలు ఇంటర్ పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదనేది అందుకే.

కన్వీనర్ సీట్ల లోపల మళ్లీ విభజన ఉంటుంది. బీసీలకు 29 శాతం: ఎ 7, బి 10, సి 1, డి 7, ఇ 4. ఎస్సీలకు 15 శాతం. ఎస్టీలకు ఏపీలో 6, తెలంగాణలో 2022 నుంచి 10. ఎస్సీ వర్గీకరణ చట్టరూపం దాల్చింది 2025లో. తెలంగాణలో గ్రూప్-1కి 1, గ్రూప్-2కి 9, గ్రూప్-3కి 5 శాతం. ఏపీలో అదే వరుసలో 1, 6.5, 7.5. మీ కులం ఏ గ్రూపులో ఉందో తెలియకపోతే ఇప్పుడే చూసుకోండి. పాత ధ్రువపత్రంలో గ్రూపు ఉండదు కాబట్టి కొత్తది తీసుకోవాల్సి రావచ్చు. ఏ రిజర్వేషనూ లేని కుటుంబాలకు ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం ఉంది. ఈ సీట్లు కాలేజీకి మంజూరైన వాటికి అదనంగా కలిపినవి. అంటే మీరు అడిగితే మిగతా కేటగిరీల సీట్లేమీ తగ్గవు, అడగకపోతే మీ అవకాశం మాత్రం పోతుంది.

ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలవి. ఎన్‌సీసీకి 1 శాతం, సైనికుల పిల్లలకు 2 శాతం, క్రీడలకు అర శాతం ఉంటాయి. దివ్యాంగుల కోటా వేరే. ఈ ప్రత్యేక కేటగిరీల వాళ్లు ఒరిజినల్ కాగితాలతో నేరుగా వెరిఫికేషన్‌కు వెళ్లాలి, హైదరాబాద్‌లో అయితే అది మాసబ్‌ట్యాంక్ పాలిటెక్నిక్‌లో జరుగుతుంది. ఆ తేదీ ఒక్కటి తప్పిపోతే ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఎంత గొప్పదైనా ఆ ఏడాదికి పనికిరాదు.

2. కేటగిరీ చూపించండి, మొహమాటపడకండి

సీటు ఎలా కేటాయిస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. ఖమ్మం జిల్లా అమ్మాయి, బీసీ-బి, ర్యాంకు 21,000 అనుకోండి. ఆమె ఆప్షన్ల వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు ఓపెన్ జనరల్ సీటు ఉందా అని చూస్తుంది. లేకపోతే ఓపెన్‌లో అమ్మాయిల సీటు. అదీ లేకపోతే బీసీ-బి జనరల్, ఆ తర్వాత బీసీ-బి అమ్మాయిల సీటు. ఆమె కాలేజీ ఓపెన్‌లోనే దొరికితే ఆమె బీసీ సీటును వాడుకున్నట్టే కాదు, ఆ సీటు వెనకున్న ఇంకో బీసీ-బి విద్యార్థికి వెళ్తుంది. కేటగిరీ చూపించినందుకు ఆమెకు పోయిందేమీ లేదు. నాలుగు చోట్ల చూసుకునే వీలు దొరికింది.

ఇది ఎవరి దయా కాదు. ఓపెన్ సీట్లు ఏ ఒక్క కులానివీ కావు, ర్యాంకు ఉన్న ఎవరికైనా చెందుతాయని, సొంత మెరిట్‌తో ఓపెన్‌లో ఎంపికైన రిజర్వుడ్ అభ్యర్థులను కోటా లెక్కలో కలపకూడదని సుప్రీంకోర్టు 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు నుంచి చెబుతూనే ఉంది.

"ఓపెన్‌లో తెచ్చుకుంటేనే గౌరవం, క్యాస్ట్ వద్దు నాన్నా" అనే పిల్లలు కొందరుంటారు. వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. క్లాసులో ఎవరో ఒకరు అనే మాటకు భయపడి అలా అంటారు. అలాంటి పిల్లలకు తల్లిదండ్రులు కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇదే: ఓపెన్‌లో వచ్చే ర్యాంకు నీకుంటే ఓపెన్‌లోనే వస్తుంది, ఆ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. లోపలికి వెళ్లాక అందరూ రాసేది ఒకే ప్రశ్నపత్రం, పాస్ మార్కులూ అందరికీ ఒకటే. తాతల కాలంలో బడి మొహం చూడని ఇంట్లోంచి మొదటిసారి ఇంజినీరింగ్‌కు వెళ్తున్న పిల్లకు ఆ సీటు రాజ్యాంగం ఇచ్చిన హక్కు. దాన్ని వదులుకుని మేనేజ్‌మెంట్ సీటుకు పొలం అమ్మిన కుటుంబాలున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

3. లోకలా, నాన్‌లోకలా: ఇక్కడ తేడా వస్తే అంతా తారుమారే

రాజ్యాంగంలోని 371-డి అధికరణ, 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల కాలం నుంచి 85 శాతం సీట్లు స్థానికులవి. ఏపీలో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం వేర్వేరు. తెలంగాణది ఉస్మానియా ప్రాంతం. అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఒకే ప్రాంతంలో చదివినవాళ్లకు ఏ చిక్కూ లేదు.

చిక్కంతా విజయవాడలోనో కర్నూలులోనో పది చదివి, ఇంటర్‌కు హైదరాబాద్ హాస్టల్‌లో చేరిన పిల్లలకే. విభజన తర్వాత పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025 నుంచి తెలంగాణ ఆ మిగతా 15 శాతం సీట్లను కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. "అక్కడ రాకపోతే హైదరాబాద్‌లో నాన్‌లోకల్ కింద చూద్దాంలే" అనే పాత ధైర్యం ఇప్పుడు చెల్లదు. మీ పిల్లవాడు మధ్యలో రాష్ట్రం మారి ఉంటే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ పట్టుకుని, ఆ ఏటి జీవో చదివి, ఆప్షన్లు తెరవకముందే హెల్ప్‌లైన్ సెంటర్‌లో తేల్చుకోండి. వెరిఫికేషన్ అయ్యాక మీ పేరు పక్కన ఏ లోకల్ ఏరియా పడిందో కళ్లారా చూసుకోండి. తప్పు పడితే అక్కడికక్కడే అడగాలి. సీటు వచ్చాక, రాకపోయాక అడిగితే వినేవాళ్లు ఉండరు.

మిగతా కాగితాలు ఫలితాలకు ముందే తయారుండాలి. కుల ధ్రువపత్రం, ఆ ఏడాది జనవరి తర్వాత తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిది. జూన్‌లో మీసేవ కేంద్రాల దగ్గర, తహసీల్దార్ ఆఫీసుల్లో రద్దీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

4. జేఈఈ రాసుంటే: రాష్ట్రం కాగితం ఢిల్లీకి చాలదు

ఎన్ఐటీ, ఐఐటీ సీట్లు జోసా అనే జాతీయ స్థాయి ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా నిండుతాయి. అక్కడ ఓబీసీకి 27, ఎస్సీకి 15, ఎస్టీకి 7.5, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం. మనవాళ్లు బోల్తా పడేది సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్రం ఇచ్చే బీసీ ధ్రువపత్రం అక్కడ చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదనే) సర్టిఫికెట్, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతి తేదీతో కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు, ముందు ఆ జాబితా చూడండి.

క్రీమీలేయర్ పరిమితి 8 లక్షలని విని, "మా ఇద్దరి జీతాలు కలిపితే దాటిపోయింది" అని మానుకునే టీచర్ దంపతులు చాలామందే ఉన్నారు. ఆ 8 లక్షల లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఉద్యోగుల విషయంలో గ్రూప్-ఎ, గ్రూప్-బి వంటి హోదాను బట్టి వేరేగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌కు ఇది తిరగబడుతుంది. అక్కడ జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ లెక్కలోకి వస్తాయి, పైగా కేంద్రం నిబంధనల ప్రకారం కుటుంబానికి 5 ఎకరాలు లేదా అంతకు మించి సాగుభూమి ఉంటే అర్హత లేదు.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. సొంత రాష్ట్రమంటే ఆధార్‌లో ఉన్నది కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. గుంటూరు అబ్బాయి హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే అతనికి వరంగల్ ఎన్ఐటీ సొంత రాష్ట్రం కోటాలోకి వస్తుంది, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ ఇతర రాష్ట్రాల కోటాలోకి పోతుంది. రెండిటి కటాఫ్‌లూ ఆ లెక్కనే చూసుకోండి.

5. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికను మీరే చదవండి

ఏజెంటు చెప్పే "రాదు", "వస్తుంది" అన్న మాటలకు విరుగుడు ఈ పట్టికే. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తెరిస్తే ఒక్కో కాలేజీ కోడ్, ఒక్కో బ్రాంచి ఎదురుగా వరుసగా కాలమ్‌లు ఉంటాయి: ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఎ బాయ్స్, బీసీ-ఎ గర్ల్స్... ఇలా ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ దాకా. ఒక్కో గడిలో ఉన్న అంకె ఆ కేటగిరీలో ఆ బ్రాంచిలో చివరగా సీటు వచ్చిన ర్యాంకు. బాయ్స్ అని రాసి ఉన్న కాలమ్‌ను జనరల్‌గా చదువుకోండి, అమ్మాయిలకు ఆ సీట్లూ అందుతాయి.

చాలామంది ఓసీ కాలమ్ ఒక్కటే చూసి నీరుగారిపోతారు. మీకు వర్తించే కాలమ్‌లన్నీ చూడండి. మొదటి విడత అంకెలు, చివరి విడత అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. మొదటి విడతలో సీట్లు వచ్చినవాళ్లలో కొందరు జేఈఈ సీట్లకు, ప్రైవేటు యూనివర్సిటీలకు వెళ్లిపోతారు కాబట్టి చివరికి వచ్చేసరికి అంకె పెరుగుతుంది, అంటే ఇంకా వెనకున్న ర్యాంకుకూ సీటు అందుతుంది. ఏజెంట్లు సాధారణంగా చూపించేది మొదటి విడత అంకె. రెండు మూడేళ్ల పట్టికలు చూస్తే ఇంకా మంచిది, ఒక కాలేజీలో ఉన్నట్టుండి సీఎస్ఈ సీట్లు పెరిగితే ఆ ఏడాది కటాఫ్ కూడా మారిపోతుంది.

సీఎస్ఈ పేరున్న బ్రాంచిలన్నీ ఒకటే అనుకోవద్దు, అలాగని భయపడనూ వద్దు. సీఎస్ఎం అంటే కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్. సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. వీటి మొదటి రెండేళ్ల సిలబస్‌కూ మామూలు సీఎస్ఈకీ పెద్ద తేడా ఉండదు.

6. ఆప్షన్లు పెట్టే పద్ధతి

మీ ఆప్షన్ల జాబితాను కంప్యూటర్ మొదటి దాని నుంచి కిందికి చదువుకుంటూ వెళ్లి, మీ ర్యాంకుకు దొరికిన మొదటి సీటు దగ్గర ఆగిపోతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే టెన్షన్ సగం తగ్గుతుంది. పైన పది అందని కాలేజీలు పెట్టినా నష్టమేమీ లేదు, అవి దాటుకుని కిందికి వస్తుంది. నష్టమల్లా నిజంగా కావాల్సిన కాలేజీని "ఎలాగూ రాదులే" అని కింద పెట్టడంలోనే. వచ్చే అవకాశాన్ని బట్టి కాకుండా ఇష్టాన్ని బట్టి వరుస పెట్టండి.

ఎక్కువ పెట్టండి. ఇరవై ఆప్షన్లతో ఆగిపోయి సీటు రాలేదని వచ్చేవాళ్లుంటారు. కానీ ఇష్టం లేని కాలేజీని మాత్రం, రాదన్న నమ్మకంతో అయినా, జాబితాలో పెట్టకండి. ముందు తెల్లకాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్‌లతో వరుసగా రాసుకుని, ఇంట్లో అందరూ చూసి సరే అన్నాకే సిస్టమ్ ముందు కూర్చోండి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేసి రావద్దు. తెలంగాణ 2025లో అసలు కేటాయింపుకు ముందు మాక్ అలాట్‌మెంట్ తెచ్చింది. అందులో వచ్చిన సీటు నచ్చకపోతే ఆప్షన్లను తిరగరాసుకునే వీలుంటుంది కాబట్టి దాన్ని వదులుకోవద్దు.

సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (వెబ్‌సైట్‌లోనే సీటు ఒప్పుకున్నట్టు తెలపడం) చేస్తేనే సీటు మీది. తర్వాతి విడతలో ఇంకా మంచిదాని కోసం ఆప్షన్లు పెట్టొచ్చు. అయితే కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. అందుకని రెండో విడతలో ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా మేలైనవే పెట్టండి.

7. డబ్బు లెక్క: నాలుగేళ్లకు కలిపి వేయండి

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు, చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు, బీసీ, ఈబీసీలకు 10,000 లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, లేకపోతే ఏడాదికి 35,000 వస్తుంది. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఏపీలో పరిమితి 2.5 లక్షలు. బకాయిలు పేరుకుపోయి, "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అని కాలేజీలు అడగడం మామూలైపోయింది కాబట్టి మొదటి ఏడాదికి సరిపడా కొంత చేతిలో ఉంచుకోండి.

ఊహకు ఒక కాలేజీ తీసుకుందాం. కన్వీనర్ ఫీజు ఏడాదికి లక్ష. బీసీ విద్యార్థికి 35,000 పోగా 65,000, నాలుగేళ్లకు 2.6 లక్షలు. అదే బ్రాంచి అదే కాలేజీలో మేనేజ్‌మెంట్ కింద అయితే ముందు 8 లక్షలు, ఆపైన ఏటా లక్ష, నాలుగేళ్లకు అన్నీ కలిపి 12 లక్షలు. తేడా 9.4 లక్షలు. ఇద్దరూ కూర్చునేది ఒకే బెంచీ మీద. ఇప్పుడు ఆ తేడాను అప్పుగా ఊహించండి. 10 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 13,800 కట్టాలి. పైగా బ్యాంకు విద్యారుణం ఇచ్చేది కాలేజీ రాసిచ్చిన ఫీజుల పట్టికకే. రసీదు లేని డొనేషన్‌కు బ్యాంకు పైసా ఇవ్వదు. అది బంగారం నుంచో, పొలం నుంచో, నెలకు మూడు రూపాయల వడ్డీ నుంచో రావాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి రుణాలు కూడా మెరిట్ ప్రవేశాన్ని ఆధారం చేసుకున్నవే.

8. మేనేజ్‌మెంట్ సీటు తీసుకోవడం ఎప్పుడు అర్థవంతం

అది ఎప్పుడూ తప్పని నేననను. అప్పు చేయకుండా, ఆస్తి అమ్మకుండా కట్టగలిగిన కుటుంబం, పిల్లకు ఒక బ్రాంచి మీద నిజమైన ఆసక్తి, కన్వీనర్‌లో ఆ స్థాయి కాలేజీ ఏదీ అందని ర్యాంకు, ఈ మూడూ కలిస్తే ఆలోచించవచ్చు. ఇందులో ఒక్కటి లేకపోయినా నా సలహా కన్వీనర్ సీటే. మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కన్వీనర్ సీటు, మామూలు కాలేజీలో కొన్న సీఎస్ఈ, ఈ రెండిట్లో మొదటిదే నాకు నచ్చుతుంది. ఈసీఈ పిల్లలూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్తూనే ఉన్నారు, మైనర్ డిగ్రీగా కంప్యూటర్ సబ్జెక్టులు చదువుకునే వీలు కూడా ఉంది. చేరాక అదే కాలేజీలో ఖాళీ పడితే బ్రాంచి మారే స్లైడింగ్ ఉంది. తెలంగాణలో ఇప్పుడు దాన్ని కన్వీనరే ఆన్‌లైన్‌లో చేస్తున్నారు.

మేనేజ్‌మెంట్ సీటే అని తేల్చుకుంటే ఇలా చేయండి.

కన్వీనర్ మొదటి విడత కేటాయింపు చూసేదాకా పెద్ద మొత్తం కట్టకండి. అడ్వాన్సు అడిగే ఏజెంటుతో అస్సలు మాట్లాడొద్దు, నేరుగా కాలేజీకి వెళ్లండి. తెలంగాణలో ఆ 30 శాతంలో సగం ఎన్ఆర్ఐ వాళ్లది, మిగతా సగాన్ని నోటిఫికేషన్ ఇచ్చి, దరఖాస్తులు తీసుకుని, జేఈఈ మెయిన్ ర్యాంకు, ఆ తర్వాత ఎంసెట్ ర్యాంకు, ఇంటర్ మార్కుల వరుసలో నింపాలన్నది నిబంధన. కాబట్టి పిల్లవాడికి ఓ మోస్తరు జేఈఈ ర్యాంకున్నా రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి రసీదు అడగండి. కాలేజీ వాళ్లు అప్లికేషన్ ఇవ్వబోమని అంటే ఉన్నత విద్యామండలికి ఫిర్యాదు చేయొచ్చు. నిర్ణయించిన ఫీజుకు మించి క్యాపిటేషన్ వసూలు చేయడం 1983 చట్టం ప్రకారం నేరం. ఏ కాలేజీ ఫీజు ఎంతో తెలంగాణలో టీఏఎఫ్ఆర్‌సీ (ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ), ఏపీలో ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చూస్తాయి.

కట్టే ప్రతి రూపాయీ చెక్కు, డీడీ లేదా ఆన్‌లైన్‌లో, కాలేజీ ఖాతాకే, రసీదుతో. ఆ బ్రాంచికి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) అనుమతి, యూనివర్సిటీ అఫిలియేషన్ ఆ ఏటికి ఉన్నాయా, ఎన్ని సీట్లకు ఉన్నాయో చూడండి. చేరాక మీ పేరు ఉన్నత విద్యామండలి ఆమోదించిన జాబితాలో చేరిందో లేదో అడిగి తెలుసుకోండి. దీన్నే ర్యాటిఫికేషన్ అంటారు. అది లేకుండా నింపిన సీట్లలో చేరిన పిల్లలు పరీక్షల ముందు యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టే పెట్టుకోకూడదని ఏఐసీటీఈ స్పష్టంగా చెప్పింది. చూసి తిరిగి ఇచ్చేయాలి. గడువులోగా మానుకుంటే ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకుండా ఫీజు వెనక్కి ఇవ్వాలన్నది కూడా వాళ్ల నిబంధనే.

అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు పేరు మీద ఎన్ఆర్ఐ సీటు పెట్టుకుందామనేవాళ్లకు ఒక మాట. దూరపు బంధువులను కూడా కలుపుతూ పంజాబ్ ఈ కోటాను విస్తరించబోతే సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో ఒప్పుకోలేదు, మోసమని గట్టిగానే అంది. మీ సంబంధం నిబంధనల్లో రాసి ఉన్న బంధుత్వానికి సరిగ్గా సరిపోతేనే ఆ దారి చూడండి.

ప్రైవేటు యూనివర్సిటీల లెక్క వేరు. ఏపీలో వాటిలో 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా ఇస్తారు. తెలంగాణలో స్థానికులకు 25 శాతం సీట్లు ఉన్నా, ఫీజు మాత్రం పూర్తిగా మీదే.

9. మెడికల్ అయితే

ఇక్కడ ఏ కోటా అయినా నీట్ అర్హత తప్పదు. ప్రైవేటు కాలేజీల్లో 50 శాతం కన్వీనర్, 35 శాతం బి, 15 శాతం ఎన్ఆర్ఐ. మూడూ యూనివర్సిటీ కౌన్సెలింగ్ ద్వారానే: తెలంగాణలో వరంగల్ కాళోజీ యూనివర్సిటీ, ఏపీలో విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ. తెలంగాణ ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుకు ఏడాదికి 60,000 ఉంటే బి సీటుకు పదకొండు పన్నెండు లక్షల పైమాటే. ఏపీలో 2023లో మొదలైన ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కూడా సెల్ఫ్ ఫైనాన్స్ బి సీట్లు, ఎన్ఆర్ఐ సీట్లు పెట్టారు. అందుకని "గవర్నమెంట్ కాలేజీ" అనగానే తక్కువ ఫీజు అనుకోకుండా ఏ కేటగిరీ కింద పెడుతున్నారో చూసి ఆప్షన్ పెట్టండి. నీట్ లేకుండా, కౌన్సెలింగ్ లేకుండా ఎంబీబీఎస్ సీటు ఇప్పిస్తామనే మనిషికి డబ్బు ఇచ్చారంటే అది పోయినట్టే.

ఇంజినీరింగ్‌లో చివరి విడత అయినా సీటు రాకపోతే స్పాట్‌కు వెళ్లేముందు రీయింబర్స్‌మెంట్ లేకుండా నాలుగేళ్లు కట్టగలరా అని చూసుకోండి. కట్టలేకపోతే మూడేళ్ల డిగ్రీలో బీఎస్సీ కంప్యూటర్స్ చేరి, తర్వాత ఐసెట్ ద్వారా ఎంసీఏకు వెళ్లే దారి ఉంది. డిగ్రీ సీట్లు తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా నిండుతాయి. ఎంసెట్ విడతలు నడుస్తున్నప్పుడే అక్కడా రిజిస్టర్ చేసి ఉంచండి.